చెనిక్కాయల కేకా, రాగిరేకుల పాటా

మా చిన్నతనంలో కడప రైల్వేస్టేషనులో బొంబాయి మెయిలు ఆగిందంటే చాలు, ప్లాట్‌ఫారమ్ అంతా కేకలే. టీ అమ్మేవాడిది తొందర కేక. ఇడ్లీలవాడిది బతిమాలే కేక. చెనిక్కాయలవాడిది మాత్రం తీరుబడి కేక. మొదట్లో ఒక సాగదీత, మధ్యన చిన్న మెలిక, చివర్న ఠపీమని విరుపు. రైలు కదిలాక కూడా ఆ కేక రెండు పెట్టెల దూరం వెంటపడి వచ్చేది. మా నాయనకు సంగీతం బొత్తిగా పట్టదు గాని, "వానికి శ్రుతి ఉంది రా" అని అర్ధణాకు బదులు అణా ఇచ్చి పొట్లం కొనేవాడట, నేను పుట్టక మునుపు.

ఇప్పుడీ కేక సంగతి ఎందుకు ఎత్తానంటే, కిందటి సంక్రాంతికి మా మేనల్లుడు అమెరికా నుంచి వచ్చాడు. భోజనాలయ్యాక అరుగుమీద కూర్చుని, "మామా, నీకొక పాట వినిపిస్తా. చెనిక్కాయల పాట" అని ఫోను తీశాడు. నేను ఏ జానపదమో అనుకున్నాను. తీరా చూస్తే బాకాలు, తాళాలు, గిలక్కాయల మోత. మధ్యలో ఎవరో మన స్టేషనువాడి మాదిరిగానే సాగదీసి కేకేస్తున్నాడు. భాష తెలీదు. అయినా చెనిక్కాయలు అమ్ముతున్నాడని ఎవరూ చెప్పక్కర్లేదు!

ఆ పాట పేరు 'ఎల్ మానిసెరో'. అంటే చెనిక్కాయలవాడు. పుట్టింది క్యూబాలో, హవానా నగరంలో. కట్టినవాడు మోయిసెస్ సిమోన్స్. హోటల్లో కూర్చుని ఉంటే వీధిలో చెనిక్కాయలవాడి కేక వినబడిందనీ, చేతికందిన కాగితం ముక్కమీద అప్పటికప్పుడే రాసుకున్నాడనీ ఒక కథ. ఇలాంటి కథలు ప్రతి మంచి పాట వెనకా ఒకటి ఉంటుంది లెండి. నమ్మినా నష్టం లేదు. వీధిలో అమ్ముకునేవాళ్ల కేకలను పాటలుగా కట్టడం ఆ దేశంలో ముందునుంచీ ఉన్న సంప్రదాయమే. దానికి 'ప్రెగోన్' అని ప్రత్యేకంగా ఒక పేరు కూడా ఉంది. 1920ల చివర రీటా మోంతనేర్ అనే గాయని దీన్ని రికార్డు చేసింది. 1930లో దోన్ అస్పియాసు అనే ఆయన తన మేళంతో న్యూయార్కు వెళ్లి అక్కడ మళ్లీ రికార్డు చేశాడు. పాడినవాడు అంతోనియో మాచిన్. ఆ రికార్డు లక్షల లెక్కన అమ్ముడైపోయింది. అమెరికా వాళ్లు దానిమీద 'రుంబా' అని అచ్చువేశారు. నిజానికది రుంబా కాదు, 'సోన్' అనే మరో జాతి పాట. అయినా ఆ తప్పు పేరుతోనే ఒక దశాబ్దం పాటు అమెరికా, యూరపు ఊగిపోయాయి.

అదే సంవత్సరం డిసెంబరులో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఈ పాటను పట్టుకున్నాడు. జాజ్ సంగీతానికి ఆయన మనకు త్యాగయ్యంతటివాడు అనుకోండి. ఆయనకు స్పానిషు రాదు. రాకపోతే ఏం? వచ్చిన మాట వచ్చినట్టు, రాని మాట నోటికొచ్చినట్టు పాడేశాడు. చెనిక్కాయలను వాళ్లు 'మానీ' అంటారు. ఆయన నోట్లో పడి అది ఎవరో 'మేరీ' అనే పిల్ల పేరయి కూర్చుంది! 1947లో స్టాన్ కెంటన్ అసలు మాటలే లేకుండా ఒట్టి వాద్యాలమీద వాయించాడు. చెనిక్కాయలు పోయాయి, అమ్మేవాడు పోయాడు, కేక మిగిలింది. ఆ కేక మీదనే ఇప్పటికీ వాయించేవాళ్లు వాయిస్తూ ఉన్నారు.

వాళ్ల భాషలో ఇలాంటి పాటను 'స్టాండర్డ్' అంటారట. నేను, "అంటే గొప్ప పాట అనా?" అని అడిగాను. మావాడు తల అడ్డంగా ఊపాడు. "గొప్పదే కానక్కర్లేదు మామా. ఒకరి మొహం ఒకరు ఎప్పుడూ చూడని నలుగురు వాద్యగాళ్లు ఒక వేదికమీద కలిశారనుకో, ఒకాయన పాట పేరు చెబితే చాలు, మిగతా ముగ్గురూ అందుకుంటారు. అదీ స్టాండర్డు."

ఈ మాట నన్ను పట్టుకుంది. ఆ రాత్రి నిద్ర పట్టక పడుకుని ఆలోచిస్తే, మన కచేరీల్లో అలాంటి పాటలు ఏవీ అని లెక్క వేసుకుంటే, త్యాగరాజు, దీక్షితులు సరే సరి, ఆఖర్న తుక్కడాల దగ్గరకు వచ్చేసరికి 'నానాటి బ్రతుకు' తగిలింది. మదరాసులో పాడనీ, మైసూరులో పాడనీ, న్యూజెర్సీలో పాడనీ, ఆ మాట అనగానే ఫిడేలాయన రేవతి రాగం అందుకుంటాడు. ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. స్టాండర్డు అంటే ఇంతకంటే ఏముంది?

మాది రాజంపేట పక్క పల్లె. పాతరోజుల లెక్కలో కడప జిల్లా. తాళ్లపాక మాకు సైకిలు దూరం. ఇప్పుడంటే రోడ్డు పక్కన 108 అడుగుల అన్నమయ్య విగ్రహం ఉంది, బస్సుల్లోంచి జనం దండాలు పెడతారు. మా చిన్నప్పుడు తాళ్లపాక అంటే ఒక గుడి, నాలుగు వీధులు, ఎండ. అంతే. ఆ ఊరివాడు పాడిన పాట ఇవాళ రేవతిలో లోకమంతా తిరుగుతోంది. కాకపోతే ఒక చిక్కుంది. ఆ పాటకు రాగిరేకుమీద చెక్కిన రాగం వేరు! రేవతి అన్నది ఆ తరవాతి కాలపు మాట. అది నేదునూరి కృష్ణమూర్తిగారు కట్టిన వరస. వేదం చదివినట్టుండే ఆ రాగం ఆ మాటలకు అతికినట్టు కుదిరింది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి గొంతులో పడ్డాక ఇంక వేరే వరస ఉంటుందన్న ఊహ కూడా ఎవరికీ లేకుండా పోయింది.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి.

అన్నమయ్యకు పదహారో ఏట స్వామి కనిపించాడనీ, శక సంవత్సరం 1346 క్రోధి మొదలు 1424 దుందుభి దాకా పాటలు చెప్పాడనీ రాగిరేకుమీదే ఉంది. మన లెక్కలో 1424 నుంచి 1503 వరకు. మనవడు చిన్నన్న రాసిన ద్విపద కావ్యం ప్రకారం పాటలు ముప్పైరెండు వేలు. దొరికినవి అందులో సగం కూడా లేవు. కొడుకు పెద తిరుమలాచార్యుడు వీటిని రాగిరేకుల మీద చెక్కించాడు. ఒక్కో రేకుకు సాధారణంగా ఆరేసి పాటలు. మా ప్రాంతం వాళ్లకు రాగిచెంబు కొనాలన్నా నాలుగుసార్లు ఆలోచించాలి; ఆ మహానుభావుడు వేలకొద్దీ పాటలు రాగిలో పోశాడు! పాట మీద అంత నమ్మకం.

పోశాడు గాని, వరస పోయలేకపోయాడు. ఒక్కో పాట నెత్తిన రాగం పేరు ఉంటుంది. ముఖారి, ఆహిరి, సామంతం, శ్రీరాగం, గుండక్రియ, సాళంగనాట, పాడి, ఇలా. స్వరాలు లేవు. ఆ రోజుల్లో అవసరమూ లేదు; ఇంట్లో నలుగురూ పాడుతూనే ఉన్నారు, స్వామి ముందు రోజూ పాడుతూనే ఉన్నారు. పాడే నోళ్లుండగా వరస ఎందుకు చెక్కడం? కాలక్రమాన ఆ నోళ్లు ఆగిపోయాయి. గుళ్లో 'సంకీర్తన భండారం' అనే అర, అందులో రాగి. అంతే మిగిలింది.

ఆ రేకులు నాలుగువందల ఏళ్లు ఎవరికీ తెలియకుండా పడి ఉన్నాయని మనం తరచు వింటాం. ఆ మాట పూర్తిగా నిజం కాదు. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన క్యాంబెల్ దొరకు తిరుపతిలో రాగిరేకుల మీద తెలుగు వ్యాకరణం ఏదో ఉందని ఎవరో చెప్పారు. ఆయన ఆశగా వాకబు చేయించాడు. తీరా చూస్తే అవి దేవుడిమీద పాటలు! వ్యాకరణం కాకపోయేసరికి ఆయన పట్టించుకోలేదు. ఉన్నాయని తెలిసి వదిలెయ్యడం, లేవనుకోవడం, ఈ రెంటిలో ఏది ఎక్కువ పాపమో నేను చెప్పలేను.

తరవాత 1920ల్లో దేవస్థానపు శాసన పరిశోధకులు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు రేకులను వెలికితీసి పని మొదలుపెట్టించారు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పరిష్కరించారు. చిన్నన్న ద్విపదను ఆయనే 1949లో అచ్చువేశారు. ఆయన తరవాత ఆ పనిని భుజానికెత్తుకున్నవారు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు. అనంతపురం జిల్లా రాళ్లపల్లె వారిది. ఏళ్ల తరబడి మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు చెప్పారు. వేమన మీద ఆయన చేసిన ఉపన్యాసాలు చదవనివారు ఇప్పటికైనా చదవాలి. తెలుగు పండితుడూ, సంగీత విద్వాంసుడూ ఒకే మనిషిలో దొరకడం ఎంత అరుదో ఆలోచించండి. ఆయన నూరుకు పైగా పాటలకు వరసలు కట్టారు. 'అలరులు కురియగ' ఆయన కట్టిన శంకరాభరణంలోనే నేడు అందరూ పాడుతున్నది. 1974లో ఆయనకు మదరాసు అకాడెమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1979 మార్చిలో బెంగుళూరులో కన్నుమూశారు.

రాళ్లపల్లివారూ, నేదునూరివారూ, బాలమురళిగారూ, మంగళంపల్లినీ తాళ్లపాకనూ కలిపిన రేడియో భక్తిరంజనీ, 1980 ప్రాంతాల్లో ఎం.ఎస్. గారి ఎల్.పి. రికార్డులు, ఆ తరవాత గరిమెళ్ల బాలకృష్ణప్రసాదుగారి క్యాసెట్లు. ఇంతమంది పుణ్యాన, పదిహేనో శతాబ్దపు పాట ఇరవయ్యో శతాబ్దపు వరసతో మనింటికి వచ్చింది. సిమోన్స్ పాట సముద్రం దాటుతూ మాటలు పారేసుకుని వరస దక్కించుకుంది. అన్నమయ్య పాట కాలం దాటుతూ వరస పారేసుకుని మాటలు దక్కించుకుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ రాని మాటల చోట తన మాటలు వేశాడు. మన విద్వాంసులు లేని వరస చోట తమ వరస వేశారు. ఇద్దరినీ తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. అసలు లేకపోవడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

మరి వరసలన్నీ పోయాయా అంటే, అక్కడే నా బాధంతా ఉంది.

కొన్ని పాటలు రేకులతో నిమిత్తం లేకుండా ఆడవాళ్ల నోళ్లలో బతికాయి. 'క్షీరాబ్ధి కన్యకకు' మంగళహారతిగా బతికింది. 'చందమామ రావే' అని మనం పిల్లలకు గోరుముద్దలు పెడుతూ పాడేదానికి అన్నమయ్య మాట ఒకటి రేకుల్లో ఉంది. 'జో అచ్యుతానంద' ఉయ్యాలల దగ్గర బతికింది. వీటిని ఏ అర్రలోనూ దాచలేదు. వాటిని పాడినవాళ్లకు ఇవి ఎవరివో కూడా తెలియదు.

మా జేజికీ తెలియదు. మా నాయనను కన్న తల్లిని మా పక్క జేజి అంటాం. ఆమెకు చదువు రాదు. చెనిక్కాయలు ఒలిచేటప్పుడు, ఉయ్యాల ఊపేటప్పుడు 'జో అచ్యుతానంద' పాడేది. ఆ వరస ఇప్పుడు క్యాసెట్లలో వినేది కాదు. మొదటి మాట దగ్గర పైకి వెళ్లకుండా కిందికి జారేది. ఉయ్యాల అటు పోయి ఇటు వచ్చేదాకా 'జో' మీదే ఆగేది. ఉయ్యాల బరువును బట్టి తాళం మారేది. బిడ్డ పెద్దదైతే పాట నిదానించేది!

1981లో మా చెల్లెలు హైస్కూల్లో చదువుతోంది. దగ్గరి పట్నంలో పాటల పోటీ పెడితే వెళ్లి జేజి దగ్గర విన్నది విన్నట్టు పాడింది. న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దమనిషి సగంలో ఆపేసి, "ఇది దంపుళ్ల పాటమ్మా. సరైన వరస నేర్చుకుని రా" అన్నాడు. నలుగురూ నవ్వారట. అది ఏడుస్తూ ఇంటికి వచ్చింది.

అప్పుడు నాకు ఇరవయ్యేళ్లు. కాలేజీ చదువు. రేడియో బాగా వినేవాణ్ణి, కాబట్టి సంగీతం తెలుసనే పొగరు కూడా ఉండేది. నేను చేసిందేమిటంటే, స్నేహితుడి దగ్గర టేపురికార్డరు అడిగి తెచ్చి, కచేరీ వరస వినిపించి, జేజితో, "చూడు జేజీ, ఇదీ అసలు వరస. నువ్వు పాడేది తప్పు. పిల్లకు ప్రైజు పోయింది" అన్నాను.

జేజి టేపురికార్డరు వైపు కాసేపు చూసింది. "బాగా పాడినాదిరా ఆయమ్మ" అంది. తరవాత నావైపు తిరిగి, "నాది తప్పయితే మీరంతా ఎట్ల నిద్దరపోయినార్రా అబ్బీ?" అంది.

నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది. గొడవేమీ జరగలేదు. కాని ఆ తరవాత మా అన్న కొడుకు పుట్టినప్పుడు ఉయ్యాల దగ్గర జేజి పాడలేదు. "మీకు వచ్చినట్ల మీరు పాడుకోండి నాయనా, నాకు తప్పొస్తాది" అంది. టేపు పెట్టారు. వాడు నిద్రపోయాడు కూడా.

1986లో ఆమె పోయింది. ఆ టేపురికార్డరులో ఎర్రమీట ఒకటి ఉండేది, అది నొక్కితే మనం పాడింది పడుతుంది. అది నాకు తెలుసు. రెండు రోజులు మా ఇంట్లో ఉందది. సినిమాపాటలు రెండూ, మావాడొకడి మిమిక్రీ ఒకటీ పట్టాం.

ఆమె వరస అన్నమయ్యదేనని నేననడం లేదు, పొరపాటు పడకండి. అయిదువందల ఏళ్లు వంద నోళ్ల మీదుగా వచ్చినదానిలో ఎవరెంత కలిపారో ఎవరు చెప్పగలరు! రాళ్లపల్లివారి చెవిన పడితే ఆయనే 'ఇది ఫలానా' అని చెప్పేవారేమో. అలాంటి చెవి ఉన్నవాళ్లు పల్లెలు తిరిగి హారతిపాటలు, లాలిపాటలు పోగుచేస్తున్న రోజుల్లోనే, అన్నమయ్య పుట్టిన తాలూకాలో, ఒక బి.ఏ. కుర్రాడు ఒక పాటను నోరు మూయించాడు. క్యాంబెల్ దొరకు కనీసం తెలుగు పరాయిభాష!

మా మేనల్లుడు అమెరికా వెళ్లేముందు చెనిక్కాయల పాట నా ఫోనులో ఎక్కించి వెళ్లాడు. అప్పుడప్పుడు వింటాను. హవానా వీధిలో ఆ కేక వేసిన మనిషి పేరు ఎవరికీ తెలీదు. ఆయన వరస మాత్రం హోటల్లో కూర్చున్నాయన చెవిన పడింది. బహుశా కాస్త అటూ ఇటూ దిద్దుకుని ఉంటాడు. దిద్దితే దిద్దాడు, కాగితం మీద పెట్టాడు.

మొన్న మా చెల్లెలికి ఫోను చేశాను. అది ప్రొద్దుటూరులో ఉంటుంది, దానికీ మనవరాలు పుట్టింది. "జేజి పాట నీకేమన్నా గుర్తుందా?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "మళ్లీ తప్పనవు గదా?" అంది. అననన్నాను. మొదటి మాట ఇద్దరికీ కలిసింది, కిందికి జారడం, 'జో' మీద ఆగడం, అంతా సరిగ్గా వచ్చింది. రెండో చరణం దగ్గర అది పైకెత్తింది, నేను కిందికి దించాను. ఆపి, మళ్లీ మొదటినుంచీ పాడుకున్నాం. మళ్లీ అక్కడే విడిపోయాం. ఫోను అవతల పసిబిడ్డ ఏడుపందుకుంది. "ఉండన్నా, పిల్ల లేచింది, మల్లా చేస్తా" అని పెట్టేసింది.